దారి ఇస్తేనే ట్రామ్: వీధి పట్టాల మీద నడిచే సేవపై సమీక్ష

ఒకే ఫ్యాక్టరీలో తయారైన ఒకే రకం ట్రామ్ ఒక ఊళ్లో గంటకు 20 కిలోమీటర్ల సగటు వేగంతో నడుస్తుంది. మరో ఊళ్లో 12 దాటడానికి ఆపసోపాలు పడుతుంది. బండి అదే, మోటార్లు అవే. దాని పట్టాల మీద ఇంకా ఎవరెవరు నిలబడి ఉన్నారన్న దాంట్లోనే తేడా ఉంది. అందుకే ట్రామ్ సేవను బేరీజు వేసేటప్పుడు సీట్ల మెత్తదనం, ఏసీ చల్లదనం, కిటికీ అద్దాల వెడల్పు తర్వాతి మాటలు. ఊరు దానికి ఎంత దారి విడిచిపెట్టిందన్నది మొదటి మాట.

తీర్పు ముందే చెప్పేస్తాం. సొంత దారి, కూడళ్లలో ముందుగా పచ్చలైటు, బండికీ బండికీ మధ్య పది నిమిషాలకు మించని ఎడం ఉన్న ట్రామ్‌కి సాటివచ్చే సేవ వీధి మట్టంలో ఇంకొకటి లేదు. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా మార్కులు పడిపోతాయి. ఏదీ లేకపోతే అది పక్కకు తప్పుకోలేని బస్సు, అంతే.

పట్టాల మీద ఎవరున్నారు

ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రామ్ వ్యవస్థ మెల్‌బోర్న్‌ది. సుమారు 250 కిలోమీటర్ల జంట పట్టాలు. అందులో నాలుగింట మూడు వంతుల దారిని కార్లతో పంచుకుంటుంది కాబట్టి సగటు వేగం 16 కిలోమీటర్ల దగ్గరే ఉండిపోయింది. అయితే ఆ ఊరు కనిపెట్టుకున్న ఒక ఉపాయాన్ని మెచ్చుకోవాలి. నగరం నడిబొడ్డున చాలా కూడళ్లలో కుడివైపు తిరగాల్సిన కారు రోడ్డు మధ్యలో, అంటే పట్టాల మీద, ఆగి కాచుకోకూడదు. ఎడమ అంచుకు వచ్చి, కూడలిలోకి కాస్త ముందుకు జరిగి, అడ్డరోడ్డుకు పచ్చలైటు పడేటప్పుడు తిరగాలి. దీన్ని హుక్ టర్న్ అంటారు. కొత్తవాళ్లు తడబడతారు. కానీ ఒక్క కారు తిరగడం కోసం వందమంది ఉన్న ట్రామ్ ఆగిపోయే అవస్థ తప్పింది.

జ్యూరిక్ ఇంకో మార్గం పట్టింది. నగరం మధ్యలో ట్రామ్‌లను భూమి కిందికి దించే పథకాన్ని 1962లో, భూగర్భ రైలు పథకాన్ని 1973లో అక్కడి ఓటర్లు తిరస్కరించారు. ఇక వీధి మీదే వేగంగా నడపాలి కాబట్టి శ్రద్ధంతా సిగ్నళ్ల మీద పెట్టారు. ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఏ ఊరి సేవనైనా మీరే తూకం వేయవచ్చు. కూడలికి చాలా ముందే పట్టాల దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది, లేదా బండే రేడియోలో తన రాకను తెలుపుతుంది. సిగ్నల్ కంట్రోలర్ ఆ బండి కూడలికి ఎన్ని సెకన్లలో చేరుతుందో లెక్కకడుతుంది. అప్పటికే పచ్చలైటు ఉంటే పొడిగిస్తుంది, ఎర్రలైటు ఉంటే అడ్డరోడ్డు వంతును కుదిస్తుంది. బండి కూడలి దాటగానే రెండో సెన్సర్ ఆ కోరికను రద్దు చేస్తుంది. ఈ రెండోది పాడైతే అడ్డరోడ్డు కార్లు ఊరికే ఎర్రలైటు దగ్గర పడిగాపులు కాస్తాయి, ఫిర్యాదులు వెల్లువెత్తుతాయి, మర్నాటికల్లా బాగుచేస్తారు. మొదటిది పాడైతే ట్రామ్ మామూలు కారులా వరుసలో నిలబడుతుంది. దాన్ని ఎవరూ గమనించరు కాబట్టి నెలల తరబడి అలాగే ఉండిపోగలదు.

స్టాప్ ఎక్కడ కట్టారన్నదీ ఇక్కడే తేలుతుంది. కూడలికి ముందు స్టాప్ ఉంటే కంట్రోలర్ లెక్క తప్పుతుంది. ఎక్కే జనం పది సెకన్లు తీసుకుంటారో నలభై తీసుకుంటారో దానికి తెలియదు మరి. పచ్చలైటు వస్తుంది, తలుపులు ఇంకా తెరిచి ఉండగానే వెళ్లిపోతుంది. స్టాప్ కూడలి దాటాక ఉంటే ఈ తంటా లేదు. స్థలం లేక ముందే కట్టాల్సి వస్తే, డ్రైవర్ తలుపులు మూసే బటన్ నొక్కినప్పుడే పచ్చలైటు అడిగేలా అమర్చాలి.

పరీక్ష చాలా తేలిక. చేతిలో గడియారంతో అరగంట ప్రయాణం చేయండి. తలుపులు తెరిచి ఆగిన సమయాన్ని వదిలేయండి, అది సేవలో భాగం. తలుపులు మూసుకున్నాక కూడా కదలకుండా నిలబడ్డ సెకన్లను మాత్రమే కూడండి. మొత్తం రెండు నిమిషాల లోపు వస్తే సిగ్నళ్లు బాగా పనిచేస్తున్నట్టు. ఐదు దాటితే ఆ లైనుకు కొత్త బండ్లు కొనడం దండగ, ఆ డబ్బు ముందు కూడళ్ల మీద పెట్టాలి.

సొంత దారికి గోడలు కట్టనక్కర్లేదు. రోడ్డు కన్నా కాస్త ఎత్తుగా ఒక రాతి అంచు గానీ, పట్టాల మధ్య గడ్డి గానీ ఉంటే చాలు, కారు దాని మీదకు ఎక్కదు. వట్టి రంగు గీతను మాత్రం ఎవరూ లెక్కచేయరు. రెండు నిమిషాలే కదా అని నిలిపిన ఒక్క సరుకుల వ్యాను వెనక నాలుగు ట్రామ్‌లు వరుస కడతాయి. పట్టాలకు కాస్త దగ్గరగా నిలిపిన కారు అద్దం అడ్డుపడినా చాలు, డ్రైవర్ గంట కొడుతూ కూర్చోవాల్సిందే. గడ్డి పరిచిన దారిలో ఇంకో లాభం కూడా ఉంది. చక్రాల మోతను అది కొంత పీల్చుకుంటుంది. కాకపోతే వేసవిలో నీళ్లు పెట్టాలి, క్రమం తప్పకుండా కోయాలి, పైగా దాని మీద అంబులెన్సు గానీ బస్సు గానీ నడవలేదు. అత్యవసర వాహనాలకు వేరే దారి లేని ఇరుకు వీధుల్లో గడ్డి వద్దు, రాతి పరుపే మేలు.

ఇరవై నిమిషాలు ఏదీ రాదు, తర్వాత మూడు వస్తాయి

ట్రామ్ ప్రయాణికుల ఫిర్యాదుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది, దీనికి కారణం డ్రైవర్ల నిర్లక్ష్యం కాదు. ఒక బండి రెండు నిమిషాలు ఆలస్యమైతే తర్వాతి స్టాపులో ఆ రెండు నిమిషాల జనం అదనంగా పోగవుతారు. వాళ్లు ఎక్కడానికి ఇంకాస్త సమయం పడుతుంది, ఆలస్యం పెరుగుతుంది. వెనక వచ్చే బండికి ఎక్కేవాళ్లు మిగలరు కాబట్టి అది గబగబా వచ్చి ముందుదాని తోక పట్టుకుంటుంది. పట్టాల మీద ఓవర్‌టేక్ లేదు కాబట్టి ఆ జట్టు చివరిదాకా విడిపోదు. మొదటిది కిక్కిరిసి, మూడోది ఖాళీగా పోతాయి. మీకు అలాంటి గుంపు ఎదురైతే మొదటిదాని కోసం పరుగెత్తకండి. రెండోది ఎక్కండి, చేరేది దాదాపు ఒకేసారి.

మంచి నిర్వాహకులు దీన్ని రెండు చోట్ల పట్టుకుంటారు. లైను మధ్యలో ఒకటి రెండు స్టాపుల్లో, వేళకన్నా ముందొచ్చిన బండిని అర నిమిషమో నిమిషమో ఆపుతారు. లైను చివర ఐదారు నిమిషాల విరామాన్ని టైం టేబుల్లోనే రాసిపెట్టి ఆలస్యాన్ని అక్కడ ఇంకించేస్తారు. ఖర్చు తగ్గించే పేరుతో ఆ ఐదు నిమిషాలను కోసేసిన సేవను మధ్యాహ్నం మూడింటికి చూడండి. పొద్దున ఎనిమిదింటి ఆలస్యం ఇంకా ఊరంతా తిరుగుతూనే ఉంటుంది. అందుకే టైం టేబుల్లో చివరి స్టాపు దగ్గర రాసిన సమయాన్ని తప్పక చూడాలి. బండి వచ్చిన నిమిషంలోనే తిరుగు ప్రయాణం రాసి ఉంటే ఆ టైం టేబుల్ కాగితం మీద మాత్రమే నడుస్తుంది.

బండి చెడిపోతే ఏమవుతుందన్నది కూడా ఇక్కడే అడగాలి. లైను మధ్యలో పక్క పట్టాలోకి మారే చోట్లు, అంటే క్రాసోవర్లు, నాలుగైదు కిలోమీటర్లకు ఒకటైనా ఉంటే చెడిన ముక్కను వదిలేసి మిగతా లైను నడిపించవచ్చు. అవి లేకపోతే ఒక్క బండి మొరాయించినా లైనంతా బంద్. కట్టేటప్పుడు డబ్బు మిగులుతుందని ముందుగా కోసేసేవి కూడా ఈ క్రాసోవర్లనే.

ఎక్కడం, దిగడం

పాత ట్రామ్‌లకు రెండు మూడు మెట్లు ఉండేవి. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగరం, వికలాంగుల సంఘాల పట్టుదల వల్ల, చక్రాల కుర్చీతో నేరుగా ఎక్కగలిగే ట్రామ్‌లను దింపింది. ఇప్పుడు కొత్తగా కొనే బండ్ల నేల దాదాపు అన్నిచోట్లా పట్టాల నుంచి 30 నుంచి 35 సెం.మీ. ఎత్తులోనే ఉంటుంది. వియన్నాలోని యూఎల్ఎఫ్ రకం ఇంకా తక్కువ, సుమారు 20 సెం.మీ.

నేల తక్కువగా ఉన్నంత మాత్రాన పని అయిపోదు, ప్లాట్‌ఫారం కూడా దానికి సరిపోవాలి. సందు అడ్డంగా 7.5 సెం.మీ., ఎత్తు తేడా 5 సెం.మీ. మించితే చక్రాల కుర్చీ ముందు చక్రాలు ఇరుక్కుంటాయి. కట్టిన కొత్తలో అన్నీ కొలతకు సరిగ్గా ఉంటాయి. కాలం గడిచేకొద్దీ తేడా వస్తుంది. కొత్త చక్రం వ్యాసం సుమారు 600 మి.మీ. అరిగినప్పుడల్లా లేత్ మీద చెక్కుతూ పోతే చివరికి 520 దగ్గరికి వస్తుంది. అంటే బండి నేల 4 సెం.మీ. దిగిపోతుంది. సస్పెన్షన్ దగ్గర పలకలు పెట్టి ఆ ఎత్తును సరిచేయాలి. డిపోలో ఈ పని ఎగ్గొడితే మొదట తెలిసేది చక్రాల కుర్చీలో వచ్చే ప్రయాణికుడికే. ఇక ప్లాట్‌ఫారమే లేకుండా నడిరోడ్డున, వాహనాల మధ్యలోకి దించే స్టాపులున్న సేవకు ఈ విభాగంలో సున్నా ఇవ్వాలి, బండి ఎంత కొత్తదైనా సరే.

తలుపుల సంగతి. 30 మీటర్ల బండికి కనీసం నాలుగు జంట తలుపులు, ఒక్కోటి సుమారు 1.3 మీటర్ల వెడల్పుతో ఉండాలి. అన్ని తలుపుల నుంచీ ఎక్కనిచ్చి, టికెట్ ప్లాట్‌ఫారం మీదో లోపల యంత్రం దగ్గరో చూసుకునే ఏర్పాటు ఉంటే ముప్ఫై మంది 20 సెకన్లలో ఎక్కేస్తారు. ముందు తలుపు దగ్గర డ్రైవర్ చేతే టికెట్లు అమ్మిస్తే మనిషికి మూడు సెకన్లు వేసుకున్నా నిమిషంన్నర పోతుంది. పది స్టాపులకు అదెంత అవుతుందో లెక్క వేసుకోండి. హాంకాంగ్ దీనికి తన పద్ధతిలో జవాబు చెప్పింది. అక్కడి రెండంతస్తుల ట్రామ్‌లలో వెనక నుంచి ఎక్కాలి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర చార్జీ కట్టాలి. దూరంతో పనిలేకుండా ఒకటే చార్జీ కాబట్టి అది సాగుతుంది. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి టికెట్టే లేదు.

మొత్తం సమనేలా, సగం సమనేలా

కొనేవాళ్లు తలపట్టుకునే చోటు ఇది. ట్రామ్ చక్రాలు నాలుగేసి చొప్పున ఒక చట్రానికి బిగించి ఉంటాయి. ఆ చట్రం మలుపులో తనంతట తాను తిరగాలంటే దాని మీద కొంత ఎత్తు కావాలి. బండి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నేల ఒకే మట్టంలో ఉండాలంటే సాధారణంగా ఆ తిరిగే వీలును వదులుకోవాలి. అప్పుడు చట్రం పెట్టెకు దాదాపు బిగుసుకుని ఉంటుంది, మలుపులో పెట్టెతో పాటే తోసుకుపోతుంది. చక్రం అంచు పట్టాను గీరుతుంది. పట్టా అరుగుతుంది, చక్రం అరుగుతుంది, కీచుమంటుంది, మలుపు మొదట్లో లోపలి జనం పక్కకు తూలుతారు.

ఆ ఒత్తిడి పెట్టెల కీళ్ల మీద కూడా పడుతుంది. 2004లో సీమెన్స్ కాంబినో రకం ట్రామ్‌ల అల్యూమినియం బాడీలో పగుళ్లు బయటపడి, చాలా నగరాల్లో బండ్లను పక్కనపెట్టి బాగుచేయాల్సి వచ్చింది. మలుపుల్లో పెట్టె మెలిపడే బలాన్ని డిజైన్‌లో తక్కువ అంచనా వేయడమే కారణమని తేలింది. తర్వాత బుడాపెస్ట్ కోసం చేసిన కాంబినో సూప్రాలో బాడీకి స్టెయిన్‌లెస్ స్టీలు వాడారు. 54 మీటర్ల పొడవున్న ఆ బండ్లు 2006 నుంచి అక్కడి గ్రాండ్ బులెవార్డ్ మీద జనాన్ని మోస్తున్నాయి.

మా సలహా సూటిగా ఇది. 20 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగే పాత మలుపులున్న ఊరైతే తిరిగే చట్రాలున్న బండే కొనాలి. చక్రాల పైన నడవ కాస్త వాలుగా ఎక్కి దిగినా, లోపల ఒక మెట్టు వచ్చినా పర్వాలేదు, తలుపుల దగ్గర నేల కిందికే ఉంటే చాలు. కొత్తగా, తిన్నగా, వెడల్పు వీధుల్లో వేసే లైనుకు మొత్తం సమనేల బండి బాగుంటుంది.

ప్రయాణికుడికి ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. చక్రాల పైనున్న సీట్లలో అదురు ఎక్కువ, రెండు చట్రాల మధ్య వేలాడే పెట్టెలో అదురు తక్కువ, ఊగడం ఎక్కువ. పుస్తకం చదువుకునేవాళ్లకు ఆ రెండోది మేలు.

ఆగడం, మోగడం

ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లుతుంది కాబట్టి కరెంటు ఖర్చు తక్కువ. ఆ నునుపే ఆగేటప్పుడు శత్రువు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న ట్రామ్‌ని మామూలు బ్రేకుతో, అంటే నిలబడ్డవాళ్లు పడిపోకుండా, ఆపాలంటే సుమారు 80 మీటర్లు కావాలి. అత్యవసర బ్రేకు వేస్తే 35 మీటర్లలో ఆగుతుంది. కానీ అప్పుడు నిలబడ్డవాళ్లు నిలబడి ఉండరు. ట్రామ్‌కి ఎదురుగా దాటే ముందు ఈ రెండు అంకెలు గుర్తుంచుకోవాలి. ఎక్కగానే కడ్డీ పట్టుకోమనేదీ ఇందుకే.

ఆపే ఏర్పాట్లు మూడు వరసల్లో ఉంటాయి. మొదట మోటారే జనరేటరుగా మారి వేగాన్ని కరెంటుగా మార్చి తీగలోకి పంపుతుంది. తర్వాత డిస్క్ బ్రేకు. ఆఖరికి పట్టా మీదికి దిగి అయస్కాంతంలా అతుక్కునే బ్రేకు. దానికి తోడు చక్రాల ముందు ఇసుక చల్లే గొట్టాలు. పెద్ద వాన కన్నా తొలి చినుకులు ప్రమాదం. పట్టా మీది దుమ్ము, నూనె తడిసి జిగురవుతాయి, చక్రం జారుతుంది. జోరువాన ఆ జిగురును కడిగేస్తుంది. రాలిన ఆకులు నలిగి అతుక్కున్నా అంతే. ఇసుక పెట్టెలు రోజూ నింపాలి. ఇసుక పొడిగా ఉండాలి, చెమ్మ తగిలితే గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. అది కావలసిన క్షణంలోనే ఆ సంగతి బయటపడుతుంది.

చక్రం తిరగకుండా జారితే ఆ చోట అరిగి చదునవుతుంది. తర్వాత ప్రతి చుట్టుకీ ‘టక్’ మని దెబ్బ. మీరెక్కిన బండి వేగంతో పాటు ‘టకటక’ మని మోగుతుంటే చక్రాన్ని చెక్కించాల్సిన వేళ దాటినట్టు. వేగం మారినా మారకపోయినా ఒక చోట మాత్రమే గుయ్యిమని మోగితే తప్పు బండిది కాదు, పట్టా మీద అలల్లా గీతలు పడ్డాయి, గ్రైండింగ్ చేయాలి. మలుపులో కీచుమంటే అక్కడ నూనె లేదా నీళ్లు చిలకరించే పరికరం పనిచేయడం లేదు. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ తేడా చెప్పి రాస్తే బాగుచేసేవాళ్లు నేరుగా ఆ పనికే వెళతారు.

భద్రత గురించి ఒక్క మాటను మాత్రం పక్కన పెట్టలేం. 2016 నవంబర్ 9న లండన్ క్రాయిడన్‌లోని శాండిలాండ్స్ మలుపు దగ్గర ట్రామ్ పల్టీకొట్టి ఏడుగురు చనిపోయారు. ఆ మలుపులో వేగ పరిమితి గంటకు 20 కిలోమీటర్లు. బండి 73 దగ్గర ఉంది. ట్రామ్ డ్రైవర్ కంటితో చూసి నడుపుతాడు, రైలుకున్నట్టు దాన్ని ఆపే సిగ్నల్ వ్యవస్థ సాధారణంగా ఉండదు. వీధిలో అది సరే. వేగంగా వచ్చే సొంత దారి చివర ఇరుకు మలుపు ఉన్న ప్రతిచోటా వేగాన్ని తనంతట తాను తగ్గించే పరికరం ఉండాలి. ఏ ఊళ్లోనైనా కొత్త లైను ప్రారంభిస్తుంటే అడగాల్సిన ప్రశ్నల్లో దీన్ని పైవరుసలో పెట్టండి.

సైకిల్ మీద పోయేవాళ్లకు పట్టా గాడి 36 నుంచి 42 మి.మీ. వెడల్పు. చాలా సైకిళ్ల టైరు అందులో సరిగ్గా దిగిపోతుంది. పట్టాను అడ్డంగా, వీలైనంత నిలువు కోణంలో దాటాలి, కనీసం 60 డిగ్రీలు. తడిసినప్పుడు పట్టా మీద బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. సైకిల్ దారిని పట్టాలకు ఏటవాలుగా గీసిన ఇంజినీరుదే ఆ పడిపోవడాల్లో పెద్ద వాటా.

తీగలు తీసేయాలా?

1881లో బెర్లిన్ శివారు లిష్టర్‌ఫెల్డెలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ మొదటి విద్యుత్ ట్రామ్ నడిపినప్పుడు కరెంటు పట్టాల్లోంచే వెళ్లేది. పట్టా మీద కాలుపెట్టిన గుర్రాలకు షాక్ కొట్టేది. ఆ తర్వాతే తీగ పైకెక్కింది. ఈనాటి ట్రామ్‌లకు 600 లేదా 750 వోల్టుల డీసీ కరెంటు, వీధికి ఐదారు మీటర్ల ఎత్తున తీగ, బండి పైన ఆ తీగను తాకి కరెంటు అందుకునే చట్రం, అంటే పాంటోగ్రాఫ్. తీగను తిన్నగా కట్టరు, అటూ ఇటూ వంకరగా లాగి కడతారు. లేకపోతే పాంటోగ్రాఫ్ మీది కార్బన్ పట్టీ ఒకేచోట కోసుకుపోతుంది.

2003లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం తన పాత కట్టడాల ముందు తీగలు వద్దనుకుని నేలలోంచి కరెంటు ఇచ్చే పద్ధతి పెట్టింది. రెండు పట్టాల మధ్య మూడో పట్టీ, 8 మీటర్ల ముక్కలు, మధ్య మధ్య 3 మీటర్ల ఖాళీ. బండి పైనున్న ముక్కలోకే కరెంటు వస్తుంది. మొదటి నెలల్లో నీళ్లు చేరి, నేలలోని కరెంటు మార్చే పెట్టెలు మొరాయించి సేవ చాలాసార్లు ఆగింది. తర్వాత కుదురుకుంది. నీస్ నగరం 2007లో తన రెండు కూడళ్లను బ్యాటరీతో దాటించింది. రెండూ పనిచేసే పద్ధతులే. కానీ ఒక చారిత్రక కూడలికి సరిపోయే మందును ఊరంతటికీ పూయకూడదు. తీగ చవక, ఎక్కడ తెగిందో కంటికి కనిపిస్తుంది, గంటల్లో బాగవుతుంది. బ్యాటరీ బరువును బండి జీవితాంతం మోయాలి, మధ్యలో మార్చాలి.

కనిపించని సమస్య నేల కింద ఉంది. తీగలో వచ్చిన కరెంటు పట్టాల ద్వారా తిరిగి వెళ్లాలి. పట్టా చుట్టూ రబ్బరు కవచం సరిగ్గా లేకపోతే అందులో కొంత నేలలోకి జారి, దగ్గర్లోని ఇనుప పైపుల మీదుగా దారి వెతుక్కుంటుంది. పైపు నుంచి బయటికి వచ్చేచోట ఇనుమును కొరికేస్తుంది. కొన్నేళ్ల తర్వాత నీళ్ల పైపు పగిలితే తప్పు పైపుదనుకుంటారు.

కట్టే కాలం

కట్టేటప్పుడు ఊరు పడే బాధకు కారణం పట్టాలు కాదు, వాటి కిందున్న పైపులు, కేబుళ్లు. లైను నడవడం మొదలయ్యాక వాటి కోసం తవ్వితే సేవ ఆగుతుంది కాబట్టి ముందే పక్కకు మార్చాలి. పాత ఊళ్లలో మ్యాపులో ఉన్నది నేలలో ఉండదు, నేలలో ఉన్నది మ్యాపులో ఉండదు. ఎడిన్‌బరా 2014 మే 31న తెరిచిన 14 కిలోమీటర్ల లైనుకు 77.6 కోట్ల పౌండ్లు అయింది. ఇంకా పొడవైన లైనుకు వేసుకున్న మొదటి అంచనా 37.5 కోట్లు. ఒప్పందాల గొడవలతో పాటు ఆ పైపుల మార్పిడి కూడా అక్కడ బాగా దెబ్బతీసింది. టెండరు పిలిచే ముందే వీధి పొడవునా అక్కడక్కడ గోతులు తీసి చూడటానికి పెట్టే ఖర్చును ఎవరు దుబారా అన్నా నమ్మొద్దు.

వీధికి ఏం ఇస్తుంది

ఫ్రాన్స్ సరిహద్దు నగరం స్ట్రాస్‌బర్గ్‌లో 1989 ఎన్నికలు భూగర్భ మెట్రోనా, ట్రామా అన్న ప్రశ్న చుట్టూ జరిగాయి. ట్రామ్ అన్న కాత్రిన్ ట్రాట్‌మన్ మేయరయ్యారు. 1994 నవంబర్‌లో లైను తెరిచారు. కార్లతో నిండిన నగరం నడిబొడ్డును నడిచేవాళ్లకు వదిలి, దాని మధ్యలో ట్రామ్‌ని పెట్టారు. 2017 నుంచి అది రైన్ నది దాటి జర్మనీలోని కేల్ దాకా వెళుతోంది. మెట్రో కట్టి ఉంటే జనం కిందికి దిగేవారు, పైన వీధి కార్లకే మిగిలేది.

నడిచేవాళ్ల మధ్యలోంచి ట్రామ్ పోవడం భయంగా తోచవచ్చు. కానీ అది ఎక్కడ నడుస్తుందో సెంటీమీటరు తేడా లేకుండా నేల మీదే రాసి ఉంటుంది. హాంకాంగ్‌లోని చున్ యూంగ్ వీధిలో కూరగాయల అంగళ్ల మధ్యలోంచి ట్రామ్ వెళుతుంది. గంట మోగితే జనం రెండడుగులు జరుగుతారు, అది పోగానే మళ్లీ కలిసిపోతారు. బస్సును అలా నమ్మి నిలబడలేం.

జ్యూరిక్‌లో 2003 నుంచి ఒక సరుకు ట్రామ్ కొన్ని ఎంచిన చోట్ల ఆగి పెద్ద పెద్ద పాత సామాన్లను సేకరిస్తోంది. కారు లేనివాళ్లు విరిగిన సోఫాను మోసుకొచ్చి అందులో పడేస్తారు. ఇలాంటి సేవలు ఇంకా చాలా ఊళ్లలో రావాలి. మన్నిక విషయానికొస్తే, మంచి ట్రామ్ ముప్ఫై నలభై ఏళ్లు నడుస్తుంది. హిరోషిమాలో అణుబాంబు పడిన మూడు రోజులకు, 1945 ఆగస్టు 9న, ఒక ముక్క లైను మీద ట్రామ్ మళ్లీ నడిచింది. ఆనాటి బండ్లలో కొన్ని ఇంకా పట్టాల మీదే ఉన్నాయి.

దారి తగ్గించుకుంటూ పోతే ఏమవుతుందో కోల్‌కతా చూపిస్తుంది. 1873లో గుర్రాలతో మొదలై, 1902లో విద్యుత్తుకు మారిన సేవ అది. తర్వాతి కాలంలో ట్రామ్ వాహనాల రద్దీలో కలిసిపోయింది, ఎక్కాలంటే నడిరోడ్డు మీదికి రావాలి. నెమ్మదిగా పోతుంది కాబట్టి జనం తగ్గారు, జనం తగ్గారు కాబట్టి లైన్లు మూతపడ్డాయి. ఎస్‌ప్లనేడ్, మైదాన్ మధ్య ముక్క తప్ప మిగతాది ఆపేస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

ఎవరు కొనకూడదు

30 మీటర్ల బండిలో సుమారు 200 మంది పడతారు. మూడు నిమిషాలకొకటి నడిపితే గంటకు ఒక దిశలో 4,000 మంది. ఆ దారిలో గంటకు వెయ్యి మందే ఉంటే పట్టాలు వేయొద్దు, ప్రత్యేక దారిలో బస్సు చాలు. 8, 9 శాతం మించిన ఏటవాలు నిత్యం ఎక్కాల్సిన ఊళ్లోనూ ఆలోచించాలి. లిస్బన్‌లో చిన్న బండ్లు 13 శాతం పైన ఎక్కుతున్నాయి, కానీ అవి అన్ని చక్రాలకూ మోటార్లున్న పొట్టి బండ్లు, వాటిలో పట్టే జనం తక్కువ.

పట్టాల ఖర్చు తప్పించుకుందామని రబ్బరు టైర్ల మీద, మధ్యలో ఒకే ఒక మార్గదర్శక పట్టాతో నడిచే బండ్ల జోలికి మాత్రం పోవద్దు. టైర్లు ఎప్పుడూ ఒకే గీత మీద దొర్లడంతో రోడ్డు అక్కడే కుంగుతుంది. ఒక్కో రకాన్ని తయారుచేసేది ఒకే కంపెనీ కాబట్టి విడిభాగాలకు ఇంకెవరి దగ్గరికీ పోలేం. ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరం 2001లో మొదలుపెట్టిన అలాంటి సేవను 2023లో ఆపేసింది. అక్కడి నార్మండీలోని కాన్ నగరం 2002లో తెరిచి, పదిహేనేళ్లకే, 2017 డిసెంబర్ 31న మూసేసింది. మధ్యలోని ఆ మార్గదర్శక పట్టాను పెకలించి, రెండు ఉక్కు పట్టాలు వేసి, 2019 జులైలో మామూలు ట్రామ్‌లు దింపారు. పాత బండ్లు తుక్కుకు పోయాయి. కొత్తవి నడుస్తున్నది ఎక్కువ భాగం 2002లో కార్ల నుంచి విడిపించిన ఆ దారిలోనే.